పంచాయతీ కంప్యూటరు: తెరను మనకు అనువుగా అమర్చుకొనుట

పూర్వము పంచాయతీ కార్యాలయమునకు వెళ్లిన సభ్యుడు బీరువాలోనుండి రిజిస్టరు తీయించుకొని, బల్లమీద పరచి, తన వీధికి సంబంధించిన పుటను తానే త్రిప్పి చూచుకొనెడివాడు. సిరా వెలిసినను, అంచులు చినిగినను, అక్షరములు పెద్దవి; భాష మనది. నేడు అదే లెక్క కంప్యూటరులో నున్నది. వెదకుట సులభమైనది, కూడికలు తప్పుట తగ్గినది. కాని ఆ లెక్కను చూడవలసిన సభ్యునికి అది నిజముగా అందుచున్నదా యను ప్రశ్న మిగిలియున్నది.

ఒక గ్రామమునందు మేము చూచిన సంగతి చెప్పెదము. డెబ్బది యేండ్లు దాటిన వార్డు సభ్యుడొకరు కార్యాలయమునకు వచ్చి, కంప్యూటరు ముందు కూర్చున్న యువకుని అడిగిరి: “అబ్బాయీ, మా వీధి ఇంటిపన్ను పద్దులు ఇందులో ఎక్కడున్నాయి?”

“ఇవిగో, ఇక్కడే ఉన్నాయి తాతగారూ. కనబడటం లేదా?”

“తెల్లకాగితం మీద చీమలు పాకినట్టుంది నాయనా. నువ్వే చదివి చెప్పు.”

ఆ యువకుడు చదువుటకు సిద్ధపడెను గాని, మేము ఆపి, తెరమీది అక్షరములను పెంచు విధమును అతనికి చూపితిమి. అయిదు నిమిషములు పట్టలేదు. పెద్దాయన కండ్లద్దములు సవరించుకొని, తన వీధిలోని పద్దులు వరుసగా తానే చదివిరి. నాలుగవ పద్దు దగ్గర ఆగి, “ఈ ఇల్లు అమ్మి మూడేళ్లయింది. ఇంకా పాత యజమాని పేరే ఉందే?” అనిరి. చదివి వినిపించువాడు ఆ పేరును చదివి ముందునకు సాగియుండును. ఊరి సంగతి తెలిసినవాని కన్ను పడినందుననే ఆ పొరపాటు బయటపడినది.

కావున కంప్యూటరు తెరను చదువరికి అనువుగా అమర్చుట వేడుక పని కాదు. ఆ అమరిక ఎట్లు చేయవలెనో ఈ పాఠమునందు వివరించెదము. ఇందులకు ఖర్చు లేదు. పెద్ద చదువును అక్కరలేదు.

కంప్యూటరు ఆన్ చేసిన వెంటనే మేల్కొని, తెరను, కీబోర్డును, ప్రింటరును, లోపల దాచిన ఫైళ్లను నడపు మూల ప్రోగ్రామును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. తక్కిన ప్రోగ్రాములన్నియు దానిపై ఆధారపడి పనిచేయును. కార్యాలయమునకు గది, బల్ల, బీరువా, దీపము ఎట్లో కంప్యూటరునకు ఇది అట్లు. గదిని కట్టినవాడు ఎవరైనను, బల్లను కిటికీ వైపునకు జరుపుకొనుట, బీరువా అరలను మార్చుకొనుట మన చేతిలోని పని. ఆపరేటింగ్ సిస్టమును తయారుచేయువారు కూడ ఈ స్వేచ్ఛను మనకు వదలియే యుంచినారు. కర్మాగారమునుండి వచ్చినప్పుడున్న అమరిక ప్రపంచములో ఎవరికో ఒకరికి సరిపోవునట్లు చేసినది. అది మనకొరకు చేసినది కాదు.

మన కార్యాలయములలో తరచుగా కానవచ్చునది మైక్రోసాఫ్ట్ వారి విండోస్. దానిలోను విండోస్ 10, విండోస్ 11 అను రెండు రకములు ఇప్పటికిని బల్లలమీద నున్నవి. మనదేదో తెలియనిచో, కీబోర్డుమీద కిటికీ గుర్తు గల విండోస్ మీటను పట్టుకొని ‘ఆర్’ అక్షరపు మీటను నొక్కి, వచ్చిన గడిలో ‘విన్‌వర్’ అని ఇంగ్లీషు అక్షరములలో టైపుచేసి ఎంటర్ కొట్టవలెను. రకము పేరు కనబడును. విండోస్ 10నకు తయారీదారులు ఉచితముగా ఇచ్చుచుండిన సాధారణ భద్రతా సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవి. అట్టి యంత్రమును ఇంకను వాడుచున్న పంచాయతీలు ఈ సంగతిని పై అధికారులకు వ్రాతపూర్వకముగా తెలుపవలెను. పాత యంత్రములలో కొన్ని విండోస్ 11ను స్వీకరింపవు గనుక, అది మనమే కూర్చుని తీర్చుకొనగల పని కాదు. దిగువ చెప్పు అమరికలలో చాలభాగము రెండు రకములలోను కలవు. పేర్లు మాత్రము అక్కడక్కడ మారును. ఈ పాఠమునందు విండోస్ 11లోని పేర్లనే వాడితిమి. ప్రభుత్వ సంస్థయగు సీడాక్ రూపొందించిన ‘బాస్’ అను లినక్స్ వ్యవస్థ ఉన్నచోట ఇట్టి అమరికలే వేరు పేర్లతో దొరకును.

అక్షరముల పరిమాణము

మొట్టమొదట చేయవలసినది ఇది. చాలమంది దీనిని తప్పుదారిలో చేయుదురు. తెర ‘రిజల్యూషన్’ను తగ్గించినచో అక్షరములు పెద్దవగును గాని, వాటి అంచులు చెదరి, పొగమంచులో చూచినట్లుండును. అరగంట చదువునప్పటికి తలనొప్పి వచ్చును. రిజల్యూషన్ దగ్గర ‘రికమెండెడ్’ అని వ్రాసియున్న దానినే ఉంచవలెను. పెంచవలసినది దాని దగ్గరనే యున్న ‘స్కేల్’ను. స్టార్ట్ నొక్కి, సెట్టింగ్స్ తెరచి, సిస్టమ్, అందులో డిస్‌ప్లే అను పుటకు పోయినచో స్కేల్ కనబడును. అది నూరు శాతమున్నచో నూట ఇరువదియైదుగాని, నూట ఏబదిగాని చేసి చూడవలెను. తెరమీది బొమ్మలు, అక్షరములు, గడులు అన్నియు స్పష్టత చెడకుండ పెరుగును.

బొమ్మలు పెరుగనక్కరలేదు, అక్షరములే పెరుగవలెనన్నచో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అను విభాగము కలదు. అందు ‘టెక్స్ట్ సైజ్’ అను కడ్డీని కుడివైపునకు జరిపి, అప్లై నొక్కవలెను. నూరు శాతమునుండి రెండువందల ఇరువదియైదు శాతము వరకు పెంచుకొనవచ్చును. ఇంత పెంచుటకు వీలున్నదిగదా యని చివరివరకు జరుపరాదు. ఒక్కొక్క గడిలో సగము మాటయే కనబడి, తక్కినది దాగిపోవును. మా అనుభవములో నూట ముప్పది దరిదాపున చాలమందికి సరిపోవును.

ప్రభుత్వ వెబ్‌సైట్లు తెరచినప్పుడు వాటి అక్షరములు మరల చిన్నవిగా కనబడవచ్చును. అప్పుడు కంట్రోల్ మీటను పట్టుకొని కూడిక గుర్తు గల మీటను నొక్కినచో ఆ పుట మాత్రము పెరుగును. తీసివేత గుర్తుతో తగ్గును. కంట్రోల్‌తో సున్న నొక్కినచో మొదటి స్థితికి వచ్చును. బ్రౌజరు ఆ సైటునకు మనము కోరిన పరిమాణమును గుర్తుంచుకొనును గనుక, ప్రతిదినము చేయనక్కరలేదు.

ఒకే ఒక అంకెనో, సంతకమునో దగ్గరగా చూడవలెనన్నచో విండోస్ మీటను పట్టుకొని కూడిక గుర్తును నొక్కవలెను. భూతద్దము తెరచుకొని, మౌసు పోయినచోటనెల్ల పెద్దదిగా చూపును. ఒకసారి తెరచినవారు దానిని మూయుట తెలియక గాబరాపడుట చూచియున్నాము. విండోస్ మీటతో ఎస్కేప్ మీటను నొక్కినచో అది తొలగిపోవును. మౌసు బాణపు గుర్తును కూడ యాక్సెసిబిలిటీలోనే పెద్దదిగాను, పసుపు మొదలగు రంగులలోను చేసికొనవచ్చును. ఎడమచేతివాటము గలవారికి మౌసు మీటలు రెండును తారుమారు చేయు వీలు కలదు.

ఇంత చేసినను తెర కనబడదన్నచో దోషము కంప్యూటరుది కాకపోవచ్చును. తెర వీధి తలుపునకు ఎదురుగా నున్నచో పగటి వెలుతురు దానిపై పడి అద్దమువలె మెరయును. బల్లను ప్రక్కకు త్రిప్పిన చాలును.

తెలుగు

తెలుగు అక్షరములను చూపుటకు గాని వ్రాయుటకు గాని విండోస్ వ్యవస్థలో వేరుగా ఏదియు కొననక్కరలేదు. సెట్టింగ్స్‌లో ‘టైమ్ అండ్ లాంగ్వేజ్’, అందులో ‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’ అను పుట తెరచి, ‘యాడ్ ఎ లాంగ్వేజ్’ నొక్కి, తెలుగును ఎన్నుకొనవలెను. కొంతసేపు ఇంటర్నెట్టు అవసరమగును. అది పూర్తియైన పిమ్మట విండోస్ మీటను పట్టుకొని స్పేస్ మీటను నొక్కినప్పుడెల్ల కీబోర్డు ఇంగ్లీషునుండి తెలుగునకును, తెలుగునుండి ఇంగ్లీషునకును మారును. ఏది వాడుకలో నున్నదో తెర కుడివైపు క్రింది మూలలో చూడవచ్చును.

తెలుగు కీబోర్డులు ముఖ్యముగా రెండు విధములు. ఒకటి ఇన్‌స్క్రిప్ట్. ఇది 1986లో భారత ప్రభుత్వము వారు భారతీయ భాషలన్నింటికిని ఒకే పద్ధతిగా నిర్ణయించినది. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి వైపునను, హల్లులు ఎక్కువభాగము కుడిచేతి వైపునను ఉండును. ఉదాహరణకు ‘పన్ను’ అను మాటను వ్రాయుటకు ఇంగ్లీషు మీటలలో హెచ్, వి, డి, వి, జి అను అయిదింటిని వరుసగా నొక్కవలెను. హెచ్ మీట ‘ప’కారము, వి మీట ‘న’కారము, డి మీట పొల్లు, మరల ‘న’కారము, జి మీట కొమ్ము. డి మీట నొక్కి తరువాత హల్లు నొక్కినచో ఒత్తు తనంతట పడును. ఈ ఒక్క కిటుకు పట్టుబడినచో సంయుక్తాక్షరములు భయపెట్టవు.

రెండవది ఫొనెటిక్ కీబోర్డు. ఇది 2019లో వచ్చిన మార్పుతో విండోస్‌లో చేరినది. ‘పన్ను’ అని పలికినట్లే ఇంగ్లీషు అక్షరములలో పి, ఏ, ఎన్, ఎన్, యు అని కొట్టినచో తెలుగు మాటలు వరుసగా చూపును. కావలసిన దానిని ఎన్నుకొనవచ్చును. ఫోనులో ఇట్లు వ్రాయుట అలవాటైనవారికి ఇది హాయి. అయితే వంశనామములు, ఊరిపేర్లు వచ్చునప్పుడు ఇది తన ఊహను మనపై రుద్దును. ఓటరు పేరులోగాని, యజమాని పేరులోగాని దీర్ఘమొకటి తప్పినను చిక్కే. అప్పుడప్పుడు ఒక ఉత్తరము వ్రాయువారికి ఫొనెటిక్ చాలును; దినమంతయు తెలుగులో పనిచేయువారు పదిదినములు కష్టపడియైనను ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకొనుట మేలని మా అభిప్రాయము.

తెలుగు కీబోర్డు వాడుకలో నుండగా పాస్‌వర్డు కొట్టినచో కంప్యూటరు లోనికి రానీయదు. పాస్‌వర్డు మరచితిమని తలచి కంగారుపడకుండ, ముందు భాష ఏదియున్నదో చూచుకొనవలెను.

పట్టికల పేర్లు, ఆజ్ఞలు కూడ తెలుగులోనే కనబడవలెనన్నచో అదే పుటలో ‘విండోస్ డిస్‌ప్లే లాంగ్వేజ్’ను తెలుగుగా మార్చి, ఒకసారి బయటికి వచ్చి మరల లోనికి పోవలెను. లోతైన పుటలు కొన్ని ఇంగ్లీషులోనే మిగులును. ‘సింగిల్ లాంగ్వేజ్’ అని పేరు గల విండోస్ ఉన్న యంత్రములలో ఈ మార్పునకు వీలుండదు. కీబోర్డు మాత్రము చేర్చుకొనవచ్చును. కంప్యూటరుపై దినమంతయు పనిచేయు ఉద్యోగికి ఇంగ్లీషు పేర్లే ఉంచుట మంచిది. మండల కేంద్రమునుండి ఫోనులో సహాయము చేయువారు ఇంగ్లీషు పేర్లతోనే చెప్పుదురు గనుక, రెండు వైపులా ఒకే మాట ఉండవలెను. సభ్యులకు తెలుగు, ఉద్యోగికి ఇంగ్లీషు ఎట్లు కుదురునందురా? దానికి ఉపాయము ముందు చెప్పెదము.

ఇంకొక ముఖ్యవిషయము. తీర్మానములు, నోటీసులు టైపు చేయించుటకు పట్టణములోని అచ్చు దుకాణమునకు పోవు అలవాటు కొన్ని పంచాయతీలలో నున్నది. అక్కడ వాడు పాత ఖతులలో చాలభాగము ఇంగ్లీషు అక్షరముల స్థానములలో తెలుగు బొమ్మలను కూర్చినవి. ఆ ఖతి లేని కంప్యూటరులో ఆ ఫైలును తెరచినచో తెలుగునకు బదులు పిచ్చిగీతలు కనబడును. అయిదేండ్ల తరువాత ఆ తీర్మానము కావలసివచ్చినచో ఎవరును చదువలేరు; దానిలోని మాటను వెదకుటకును వీలుండదు. యూనికోడు పద్ధతిలో తెలుగునకు ప్రత్యేకముగా 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ పద్ధతిలో వ్రాసినది ఏ కంప్యూటరులోనైనను, ఫోనులోనైనను తెలుగుగనే కనబడును. విండోస్‌తో వచ్చు నిర్మల, గౌతమి అను ఖతులు యూనికోడు ఖతులే. మన చేతికి వచ్చిన ఫైలు ఎట్టిదో పరీక్షించుటకు సులభమార్గము కలదు. దానిలోని రెండు పంక్తులను కాపీచేసి, విండోస్‌లోని నోట్‌ప్యాడ్ అను ప్రోగ్రాములో అతికింపవలెను. తెలుగు తెలుగుగా నిలిచినచో అది యూనికోడు. ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు కలగాపులగముగా మారినచో పాత ఖతి. దుకాణదారునికి డబ్బు చెల్లించుటకు ముందే ఈ పరీక్ష చేయవలెను.

తేదీలు, అంకెలు

ఈ చిన్న అమరికను ఎవరును తాకరు. నష్టము మాత్రము పెద్దది. అనేక యంత్రములు అమెరికా పద్ధతి తేదీలతో వచ్చును. ఆ దేశములో నెలను ముందు, దినమును వెనుక వ్రాయుదురు. మన ఉద్యోగి ఎక్సెల్ పట్టికలో 05-06-2024 అని కొట్టి, జూన్ 5 అని తలచును. యంత్రము దానిని మే 6గా దాచుకొనును. 25-06-2024 అని కొట్టినచో ఇరువదియైదవ నెల లేదు గనుక, అది తేదీయే కాదని తలచి వట్టి మాటగా ఉంచును. ఆ విధముగా ఒకే పట్టికలో కొన్ని తేదీలు తప్పు నెలలోను, కొన్ని లెక్కకు రానివిగాను పడును. పైకి చూచిన అన్నియు ఒకే తీరుగా కనబడును. జననమరణముల నమోదునకు 21 దినముల గడువు కలదు. అట్టి పట్టికను వరుసక్రమములో పెట్టి గడువు దాటినవారిని తీసినచో, గడువులోపల తెలిపినవారు కూడ దాటినవారుగా తేలుదురు. ఎవరో పసిబిడ్డ తండ్రి చేయని తప్పునకు కార్యాలయము చుట్టు తిరుగవలసివచ్చును.

‘లాంగ్వేజ్ అండ్ రీజియన్’ పుటలోనే ‘రీజినల్ ఫార్మాట్’ అను గడి కలదు. అందు ‘ఇంగ్లీష్, ఇండియా’ అని ఎన్నుకొన్నచో దినము, నెల, సంవత్సరము మన వరుసలో వచ్చును. సంవత్సరము నాలుగు అంకెలతో ఉండును. మొత్తములు కూడ 1,500,000 అని కాక 15,00,000 అని మనకు అలవాటైన లక్షల పద్ధతిలో విడివడి కనబడును. సభలో అంచనా చదువునప్పుడు కామా స్థానము చూచి తడబడుట తప్పును. అయితే ఇదివరకే తప్పుగా పడిన తేదీలు ఈ మార్పుతో తమంతట సరికావు. పాత పట్టికలను కాగితపు రిజిస్టరుతో పోల్చి దిద్దవలసినదే. ప్రభుత్వ వెబ్‌సైట్లలో తేదీ నింపు గడులు కూడ వేరొక వరుసను అడుగవచ్చును. గడి ప్రక్కన వ్రాసిన సూచనను చూచి నింపవలెను.

ఫైళ్లకు పేరు పెట్టునప్పుడు మాత్రము వరుసను తిరగవేయుట లాభము. సంవత్సరము, నెల, దినము అను క్రమములో ‘2025-08-14 తీర్మానములు’ అని పేరు పెట్టినచో, ఫోల్డరు తెరచినప్పుడు ఫైళ్లన్నియు సభలు జరిగిన వరుసలోనే నిలుచును. ‘తీర్మానము కొత్తది’, ‘తీర్మానము చివరిది’, ‘తీర్మానము చివరిది 2’ అను పేర్లతో నిండిన ఫోల్డరును చూడని కార్యాలయము లేదేమో!

ఖాతాలు, తాళము

సభ్యులకు ఒక అమరిక, ఉద్యోగికి ఒక అమరిక ఎట్లని పైన అడిగితిమి. విండోస్‌లో ఒకే యంత్రముమీద వేర్వేరు వ్యక్తులకు వేర్వేరు ఖాతాలు తెరువవచ్చును. అక్షరముల పరిమాణము, భాష, తెరబొమ్మ మొదలగు అమరికలలో చాలభాగము ఖాతాకు ఖాతాకు వేరుగా నిలుచును. ఒకరు పెంచుకొన్న అక్షరములు మరొకరికి అడ్డము రావు. ఈ సౌకర్యము తెలియకనే, ఒకరు మార్చినది మరొకరు మరల మార్చి, చివరకు ఎవరికిని అనువుగా లేని తెర మిగులును.

ఖాతాలలో రెండు అంతస్తులు కలవు. యంత్రము నంతటిని మార్చగల అధికారము గలది అడ్మినిస్ట్రేటరు ఖాతా. తన పని తాను చేసికొను ఖాతా స్టాండర్డు. దినసరి పనికి స్టాండర్డు ఖాతా చాలును. దానిలో నుండగా తెలియక ఒక చెడు ప్రోగ్రామును తెరచినను, యంత్రము నంతటిని మార్చుటకు అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును అడుగును గనుక చాలవరకు కాపాడబడుదుము. కార్యదర్శి అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డును కాగితముపై వ్రాసి, కవరులో మూసి, బీరువాలో ఉంచుట మంచిది. ఉద్యోగి బదిలీయై పాస్‌వర్డు అతనితో పోయి, కార్యాలయము వారము దినములు నిలిచిన సంగతి మేమెరుగుదుము.

అందరును ఒకే ఖాతా, ఒకే పాస్‌వర్డు వాడు పంచాయతీలో ఒక పద్దు మారినచో ఎవరు మార్చిరో చెప్పుటకు మార్గముండదు. తప్పు చేయనివారిపై అనుమానము పడును. పాస్‌వర్డును కాగితముపై వ్రాసి తెర అంచున అతికించు అలవాటు ఇంకను పోలేదు. బీరువాకు తాళమువేసి, తాళపుచెవిని బీరువాకే వ్రేలాడదీసినట్లున్నదది. చెల్లింపులకు డిజిటల్ సంతకము వాడుచోట్ల ఇది మరింత ప్రమాదము. సమాచార సాంకేతిక చట్టము, 2000 డిజిటల్ సంతకమునకు చేతి సంతకముతో సమానమైన గుర్తింపు నిచ్చినది. సంతకపు టోకెనును యంత్రమునకు తగిలించి ఉంచి టీ త్రాగుటకు పోవుట, సంతకముచేసిన ఖాళీ చెక్కును బల్లమీద ఉంచి పోవుట ఒక్కటే. సర్పంచి టోకెను సర్పంచి దగ్గరనే ఉండవలెను. దాని రహస్యసంఖ్య వేరొకరికి తెలియరాదు.

లేచిపోవునప్పుడు విండోస్ మీటతో ‘ఎల్’ అక్షరమును నొక్కిన చాలును. తెరకు తాళము పడును. తెరచిన పని ఎక్కడిదక్కడ నిలిచియుండును. ఒక్క క్షణపు పని.

ఈ సందర్భముననే మరొక జాగ్రత్త. విండోస్ సాధారణముగా ఫైలు పేరు చివరి తోకను దాచును. అందుచే ‘బిల్లు పీడీఎఫ్’ అని పేరు పెట్టుకొని, వెనుక ‘ఇఎక్స్‌ఇ’ అను తోక గల మోసపు ప్రోగ్రాము కాగితమువలె కనబడును. ఫోల్డరు తెరచి, పైన ‘వ్యూ’, అందులో ‘షో’, అందులో ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ నొక్కినచో తోకలన్నియు కనబడును. ఉత్తరముగా వచ్చిన దానికి ‘ఇఎక్స్‌ఇ’ తోక యున్నచో తెరువరాదు.

సభ్యుల ఖాతా

ఇప్పుడు మొదటి మాటకు వచ్చెదము. కార్యదర్శి అంగీకారముతో ‘సభ్యులు’ అను పేరున ఒక స్టాండర్డు ఖాతాను తెరువవలెనని మా సూచన. సెట్టింగ్స్‌లో అకౌంట్స్, అందులో ‘అదర్ యూజర్స్’ అను పుటలో ‘యాడ్ అకౌంట్’ నొక్కి, ఈమెయిలు అడిగినచో, మైక్రోసాఫ్ట్ ఖాతా లేకుండ చేర్చు మార్గమును ఎన్నుకొని, పేరు, పాస్‌వర్డు ఇవ్వవలెను. ఆ ఖాతాలోనికి పోయి స్కేల్ నూట ఏబది, మౌసు గుర్తు పెద్దది, పట్టికలు తెలుగులో, తెరబొమ్మ ఒకే ముదురు రంగు అని అమర్చవలెను. ఊరి చెరువు చిత్రమును తెరబొమ్మగా పెట్టుకొన్నను తప్పులేదు గాని, నీటి మెరుపులో ఐకానుల పేర్లు కనబడవు. పార్టీ నాయకుల చిత్రములు మాత్రము ప్రజల కార్యాలయపు తెరపై తగవు.

తరువాత, అన్ని ఖాతాలకును కనబడు ‘పబ్లిక్ డాక్యుమెంట్స్’ అను ఫోల్డరులో గడచిన సభల తీర్మానములు, వార్డులవారీ ఇంటిపన్ను డిమాండు జాబితా, ఆమోదించిన బడ్జెటు, జరుగుచున్న పనుల అంచనాలు పీడీఎఫ్ రూపమున ఉంచవలెను. ఇవి నకళ్లు మాత్రమే. మూల ఫైళ్లు కార్యదర్శి ఖాతాలోనే ఉండవలెను, ఏలయనగా ఆ ఫోల్డరులోని దానిని ఎవరైనను పొరపాటున చెరపవచ్చును. ఆధారు సంఖ్యలు, బ్యాంకు ఖాతా సంఖ్యలు, పింఛను దారుల వ్యక్తిగత వివరములు గల కాగితములను ఇందు ఎట్టి పరిస్థితిలోను ఉంచరాదు. సభ్యుడు చూడదగినది పంచాయతీ లెక్క. ఇరుగుపొరుగు వారి రహస్యములు కావు.

కొన్ని కార్యాలయములకు శాఖవారు ఇచ్చిన యంత్రములలో ఖాతాలు తెరచు అధికారము పైవారి చేతిలోనే యుండును. అట్టిచోట సభలో తీర్మానించి, కారణము తెలిపి, అనుమతి కోరవలెను.

విద్యుత్తు, సవరణలు

పని మధ్యలో విండోస్ తనంతట ఆగి, సవరణలు ఎక్కించుకొనుచు మరల మొదలగుట అందరికిని విసుగు. దానికి సవరణలనే ఆపివేయుట తగదు. అవి యంత్రమునకు టీకాల వంటివి. ‘విండోస్ అప్‌డేట్’ పుటలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’ నందు ‘యాక్టివ్ అవర్స్’ అని కలదు. ఉదయము 8 గంటలనుండి రాత్రి 8 గంటల వరకు అని ఉంచినచో ఆ వేళలో యంత్రము తనంతట ఆగదు. కరెంటు తరచుగా పోవు ఊళ్లలో యూపీఎస్ ఉన్నను, ప్రతి పేరా చివర కంట్రోల్‌తో ‘ఎస్’ నొక్కి భద్రపరచుట అలవాటు చేసికొనవలెను. యంత్రమును వాడనప్పుడు పది నిమిషములకు తెర ఆరిపోవునట్లు ‘పవర్’ పుటలో అమర్చుకొన్నచో విద్యుత్తు మిగులును.

ఇన్నిటిని ఒకే దినమున చేయనక్కరలేదు. మొదటి దినము అక్షరములు, తేదీలు, తరువాతి వారము తెలుగు, ఆపై ఖాతాలు. ఒక్కొక్క అమరిక మార్చినప్పుడు, ముందు ఏమున్నది, ఇప్పుడు ఏమి చేసితిమి, ఎవరు చేసిరి అను మూడు సంగతులు తేదీతో ఒక కాగితముపై వ్రాసి, కంప్యూటరు కొన్న రసీదుతోపాటు దస్త్రములో ఉంచవలెను. యంత్రము చెడి కొత్తది వచ్చినప్పుడు, ఉద్యోగి మారినప్పుడు, ఆ కాగితమును ముందుపెట్టుకొని ఒక పూటలో అన్నియు మరల అమర్చుకొనవచ్చును. అమరిక ముగిసిన దినమున సభ్యులలో పెద్దవారిని ఒకరిని కుర్చీలో కూర్చుండబెట్టి, ఎవరి సహాయము లేకుండ గడచిన సభ తీర్మానములను తెరచి, రెండవ తీర్మానమును పైకి చదువుమని కోరవలెను. వారు ఎక్కడ ఆగిరో అక్కడ సవరించుకొనవలసినది ఇంకను ఉన్నదన్నమాట.